కోర్టు కాగితం చేతికొస్తే: అందులోని మాటలు ఎలా చదవాలి

మా పెదనాయన నెల్లూరు జిల్లాలో ఒక చిన్న పల్లెలో వరి రైతు. ఒకరోజు మధ్యాహ్నం కోర్టు అమీనా వచ్చి కాగితాల కట్ట చేతికివ్వబోతే ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "తీసుకుంటే కేసు ఒప్పుకున్నట్టే కదా అబ్బయా" అని తర్వాత నాతో అన్నాడు. అమీనా గొడవేమీ పడలేదు. నకలు ఒకటి వాకిలి తలుపుకు అంటించి, తీసుకోవడానికి నిరాకరించారని రాసుకుని వెళ్లిపోయాడు. ఏడాది తిరిగాక మళ్లీ వచ్చాడు. ఈసారి గట్టు వెంబడి నాలుగు సెంట్లు పక్క పొలం వాళ్లకు అప్పగించడానికి. మధ్యలో ఏం జరిగిందో తెలుసుకుందామని వెళితే కోర్టు రికార్డులో ఒకే మాట ఉంది: ఎక్స్‌పార్టే. ఆయన లేకుండానే కేసు నడిచిందని దాని అర్థం.

ఆ కేసులో ఆయన వెంట వాయిదాలకు తిరుగుతూ నేర్చుకున్న మాటలే ఇక్కడ రాస్తున్నాను. మీ కేసులో ఏం చేయాలో మీ వకీలే చెప్పాలి. ఆయన చెప్పేది మీకు అర్థం కావడానికి, అర్థం కానప్పుడు ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

మొదటి అడుగు: కాగితం తీసుకోండి, పైన ఉన్న నంబరు చూడండి

సమన్లు తీసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు కాదు. మీరు పెట్టే సంతకానికి "ఈ కాగితం నాకు ముట్టింది" అన్న ఒక్క అర్థమే ఉంది. తీసుకోకపోతే తలుపుకు అంటిస్తారు. మనిషి దొరకకపోతే కోర్టు అనుమతితో పేపర్లో ప్రకటన వేయిస్తారు. ఏ దారిన వచ్చినా మీకు తెలియజేసినట్టే లెక్క.

కాగితం పైభాగంలో కోర్టు పేరు, దాని కింద రెండు మూడు అక్షరాలు, ఒక నంబరు, సంవత్సరం ఉంటాయి. ఓఎస్ 112/2023 అని ఉందనుకుందాం. 2023లో ఆ కోర్టులో దాఖలైన 112వ సివిల్ దావా అని దాని అర్థం. ఓఎస్ అంటే ఒరిజినల్ సూట్, అంటే అసలు దావా. ఐఏ అంటే ఆ దావా నడుస్తుండగా మధ్యలో వేసే పిటిషన్. ఏఎస్ అంటే అప్పీలు. ఈపీ అంటే వచ్చిన డిక్రీని, అంటే తీర్పు ప్రకారం ఎవరు ఏం చేయాలో చెప్పే ఉత్తర్వును, అమలు చేయమని వేసేది. ఈపీ నోటీసు వచ్చిందంటే అసలు తీర్పు అప్పటికే అయిపోయిందని అర్థం. మా పెదనాయనకు రెండోసారి వచ్చింది అదే.

క్రిమినల్ వైపు క్రైం నంబరు పోలీసు స్టేషన్‌ది, కోర్టుది కాదు. కోర్టుకు వెళ్లాక మేజిస్ట్రేట్ దగ్గర సీసీ నంబరు పడుతుంది. సెషన్స్ కోర్టు విచారించాల్సిన పెద్ద నేరమైతే ముందు పీఆర్‌సీ నంబరు వేసి, అక్కడికి పంపాక ఎస్‌సీ అవుతుంది. మనోవర్తి కేసు ఎంసీ. వాహన ప్రమాదాల్లో నష్టపరిహారం కోసం వేసేది ఎంవీఓపీ.

కోర్టు పేర్ల దగ్గర పెద్దవాళ్ల మాట వేరు, కాగితం మీది మాట వేరు. కావలిలోనో, కందుకూరులోనో, మార్కాపురంలోనో పాతవాళ్లు "మునసబు కోర్టు" అంటే అది ఇప్పటి జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. "సబ్ కోర్టు" అంటే సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. ఆ పైన నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టులు. ఆ పైన 2019 జనవరి 1న ఏర్పడి, ఇప్పుడు అమరావతిలో నడుస్తున్న మన హైకోర్టు.

రెండో అడుగు: ఇందులో మీరెవరు?

దావా వేసినవాడు వాది, ఎవరి మీద వేశారో వాడు ప్రతివాది. పేర్ల పక్కన 1వ ప్రతివాది, 2వ ప్రతివాది అని ఉంటే ఎన్నో నంబరో గుర్తుపెట్టుకోండి. తర్వాత వచ్చే కాగితాల్లో మీ పేరు బదులు ఆ నంబరే రాస్తారు. ఒక్కోసారి మీ నుంచి వాళ్లకు ఏమీ అక్కర్లేకపోయినా, వాటాదారులు కాబట్టి మిమ్మల్నీ పార్టీగా చేరుస్తారు. భాగం పంపకాల దావాల్లో అక్కచెల్లెళ్లకు సమన్లు వచ్చేది చాలాసార్లు ఇందుకే. అంతమాత్రానికే తోబుట్టువుల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్లు నేను చూశాను. ముందు దావా చదవండి, కోపం సంగతి తర్వాత.

అప్పీలులో ఇవే పేర్లు అప్పీలుదారు, రెస్పాండెంటుగా మారతాయి. ఈపీలో గెలిచినవాడు డిక్రీ హోల్డర్, ఓడినవాడు జడ్జిమెంట్ డెటర్. కాగితాల్లో పొట్టిగా డీహెచ్‌ఆర్, జేడీఆర్ అని రాస్తారు. డెటర్ అన్నారని అది అప్పు కేసే అనుకోవద్దు, పొలం కేసులో ఓడినా అదే పేరు.

క్రిమినల్ కేసులో ఫిర్యాది, ముద్దాయి. ముద్దాయి అన్న మాటకు చిన్న కథ ఉంది. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఈ మాటకు అక్కడ అర్థం దావా వేసినవాడని. మన దగ్గరికొచ్చేసరికి తిరగబడి నేరం మోపబడినవాడైంది. వకీలు, దావా, వాయిదా, జప్తు, జామీను, రాజీ, హాజరు కూడా ఆ దారినే వచ్చాయి. వాటి పక్కన బ్రిటిష్ కాలం నాటి ప్లీడరు, సమను, డిక్రీ చేరాయి. ప్రకాశం జిల్లాకు 1972లో ఎవరి పేరు పెట్టారో ఆ టంగుటూరి ప్రకాశం పంతులు మొదట ప్లీడరు, ఇంగ్లండు వెళ్లి చదివొచ్చాక బారిస్టరు. అప్పట్లో వాటికి తేడా ఉండేది. 1961 అడ్వకేట్ల చట్టం వచ్చాక అందరూ అడ్వకేట్లే. ప్రభుత్వం తరఫున సివిల్ కేసులు చూసేవారిని జీపీ అని, క్రిమినల్ కేసులు చూసేవారిని పీపీ అని అంటారు.

మూడో అడుగు: తేదీ

అన్నిటికన్నా ముఖ్యం ఇదే. సమన్లలో హాజరు కావాల్సిన తేదీ ఉంటుంది. దాన్నే వాయిదా అంటారు. వాయిదా పడింది అన్నా, వాయిదా ఉంది అన్నా ఒకే మాట వాడతాం కాబట్టి వకీలు "వాయిదా" అన్నప్పుడల్లా తేదీ అడిగి రాసుకోండి.

ఆ రోజుకు వకాల్తా వేయాలి. వకాల్తా అంటే మీ తరఫున ఫలానా అడ్వకేట్ హాజరవుతారని మీరిచ్చే అధికార పత్రం. దాని మీద సంతకం పెట్టేముందు కేసు నంబరు, మీ పేరు నింపి ఉన్నాయో లేదో చూసుకోండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. తర్వాత మీ జవాబు దాఖలు చేయాలి. దాన్ని జవాబు దావా అంటారు, కోర్టులో రిటన్ స్టేట్‌మెంట్ అంటారు. సమన్లు ముట్టిన 30 రోజుల్లో ఇవ్వాలి. కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల వరకు గడువు ఇవ్వొచ్చు. మధ్యంతర పిటిషనుకు, అంటే ఐఏకు, ఇచ్చే జవాబు పేరు కౌంటరు. రెండూ వేరు వేరు. కౌంటరు వేసి, జవాబు దావా మర్చిపోయినవాళ్లున్నారు.

ఇవేవీ చేయకుండా హాజరు కాకపోతే కోర్టు మిమ్మల్ని ఎక్స్‌పార్టే చేస్తుంది, అంటే మీరు లేకుండానే కేసు నడుపుతుంది. అవతలివాళ్లు చెప్పిందానికి ఎదురుచెప్పేవాళ్లుండరు. అలా వచ్చిన డిక్రీని ఎక్స్‌పార్టే డిక్రీ అంటారు. దాన్ని రద్దు చేయమని డిక్రీ తేదీ నుంచి 30 రోజుల్లో పిటిషన్ వేయాలి. సమన్లు అసలు సరిగా ముట్టనే లేదని చూపించగలిగితే, మీకు తెలిసిన రోజు నుంచి 30 రోజులు. గడువు దాటితే దానితోపాటు ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్ వేయాలి. దాని పేరు కండోన్ డిలే. ఎందుకు ఆలస్యమైందో నమ్మదగ్గ కారణం చెప్పాలి. మా పెదనాయన రెండూ వేయాల్సి వచ్చింది. నిరాకరించారన్న అమీనా రిపోర్టు ఉండటంతో తెలియదని చెప్పే దారి లేదు. ఆ రోజుల్లో ఆయన ఆసుపత్రి చీటీలు దొరికాయి కాబట్టి, అవతలివాళ్లకు ఖర్చులు చెల్లించే షరతు మీద కోర్టు ఒప్పుకుంది. ఆ చీటీలు దొరక్కపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

నాలుగో అడుగు: దావాను చివరి నుంచి చదవండి

సమన్లతోపాటు దావా నకలు వస్తుంది. చాలామంది మొదటి పేజీలో మొదలుపెట్టి రెండో పేజీలో వదిలేస్తారు. వెనక నుంచి రండి. చివర్లో షెడ్యూలు ఉంటుంది. దేని గురించి గొడవో దాని వివరం అందులోనే: సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. దాని ముందు కోరిక ఉంటుంది, అంటే కోర్టును ఏమిమ్మని అడుగుతున్నారో. దాని పైన వ్యాజ్యకారణం, అంటే ఎప్పుడు ఏం జరిగిందని కేసు వేశారో.

షెడ్యూలును మీ దస్తావేజుతో, పాసుపుస్తకంతో పక్కపక్కన పెట్టి చూడండి. నెల్లూరులో ఇళ్ల స్థలాలు అంకణాల్లో చెబుతాం. ఇక్కడి అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. బయటి ప్రాంతాల్లో 36 చదరపు అడుగుల అంకణం కూడా ఉంది. దస్తావేజు అంకణాల్లో, దావా సెంట్లలో ఉంటే లెక్క కట్టి చూడండి: సెంటుకు మన అంకణాలు 6.05, ఎకరానికి 605. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు మామూలుగా హద్దులకే ఎక్కువ విలువిస్తాయి. కాబట్టి తూర్పున ఎవరు, పడమర ఎవరు అన్నది ఒకటికి రెండుసార్లు చదవండి.

కోరిక దగ్గర నాలుగైదు మాటలు తరచూ వస్తాయి. డిక్లరేషన్ అంటే ఈ ఆస్తి మీద హక్కు నాదని ప్రకటించమనడం. శాశ్వత ఇంజంక్షన్ అంటే నా స్వాధీనంలో ఉన్నదాని జోలికి రాకుండా ఆపమనడం. రికవరీ ఆఫ్ పొసెషన్ అంటే స్వాధీనం తిరిగి ఇప్పించమనడం. స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ అంటే అమ్ముతానని అగ్రిమెంటు రాసి రిజిస్ట్రేషన్ చేయడం లేదు, చేయించండి అనడం. పార్టిషన్ అంటే వాటా విడగొట్టమనడం. పార్టిషన్‌లో డిక్రీ రెండుసార్లు వస్తుంది. ఎవరికి ఎంత వాటానో చెప్పేది ప్రిలిమినరీ డిక్రీ, నేల మీద కొలిచి ఎవరి ముక్క ఏదో చెప్పేది ఫైనల్ డిక్రీ. మొదటిది రాగానే కేసు అయిపోయిందనుకుని ఏళ్ల తరబడి ఊరకుండిపోతారు.

ఐదో అడుగు: "ఆర్డరు వచ్చింది" అంటే ఏ ఆర్డరు?

ఊళ్లో ఎక్కువ అపార్థాలు ఇక్కడే. ఒకాయన కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చుకుంటే "పొలం ఆయనదేనని తేలిపోయింది" అని రచ్చబండ దగ్గర మాట పుడుతుంది. తాత్కాలిక ఇంజంక్షన్ హక్కును తేల్చదు. కేసు తేలేదాకా స్వాధీనంలో ఉన్నవాడిని కదిలించొద్దని మాత్రమే చెబుతుంది. అది ఇవ్వడానికి కోర్టు మూడు సంగతులు చూస్తుంది: పైకి చూడగానే వాదనలో పస ఉందా, ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టం జరుగుతుందా.

అవతలివారికి నోటీసు ఇచ్చేలోపు నష్టం జరిగిపోతుందనుకుంటే ముందే కొద్దిరోజులకు ఆర్డరు ఇస్తారు. దాన్ని యాడ్ ఇంటరిం ఆర్డరు అంటారు. అలా ఇచ్చినప్పుడు ఆ పిటిషన్‌ను 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతోంది. కాబట్టి మీ మీద అలాంటి ఆర్డరు వస్తే నెలలు ఆగొద్దు, వెంటనే కౌంటరు వేయించండి. ఇరుపక్షాలూ విన్నాక ఖాయం చేస్తే "మేడ్ అబ్సల్యూట్" అని, ఎత్తేస్తే "వెకేటెడ్" అని రాస్తారు.

స్టేటస్ కో వేరు. ఆర్డరు ఇచ్చిన రోజు ఏది ఎలా ఉందో అలాగే ఉంచమని, ఇద్దరికీ కలిపి. స్టే అంటే ఒక పనినో కింది కోర్టు ఉత్తర్వు అమలునో ఆపడం. ఇంజంక్షన్‌నో స్టేటస్ కోనో మీరితే ఆస్తి జప్తు చేయొచ్చు, మూడు నెలల దాకా సివిల్ జైలులో పెట్టొచ్చు.

అవతలివాళ్లు మీకు తెలియకుండా ఆర్డరు తెచ్చుకుంటారని అనుమానముంటే ముందే కేవియట్ వేయొచ్చు, నన్ను వినకుండా ఆర్డరు ఇవ్వొద్దని. 90 రోజుల వరకు చెల్లుతుంది, తర్వాత మళ్లీ వేయాలి.

అడ్వకేట్ కమిషనర్ వస్తున్నారంటే కంగారు పడకండి. ఆయన తీర్పు చెప్పడానికి రారు. గట్టు ఎక్కడుంది, బోరు ఎవరి వైపుంది, చెట్లెన్ని అని చూసి, సర్వేయరుతో కొలిపించి కోర్టుకు రిపోర్టు ఇస్తారు. ఆ రోజు దగ్గరుండండి. చూపించాల్సినవి చూపించి, మీ మాటను వర్క్ మెమోగా రాసివ్వండి. రిపోర్టులో తప్పుంటే దాని మీద అభ్యంతరాలు దాఖలు చేసే వీలుంది.

ఆరో అడుగు: కోర్టు హాల్లో వినిపించే మాటలు

పొద్దున కేసులు పిలుస్తారు. మీ పేరు మూడుసార్లు పిలిచినా పలక్కపోతే "కాల్డ్ ఆబ్సెంట్" అని రాస్తారు. వాది రాకపోతే దావా "డిస్మిస్ ఫర్ డిఫాల్ట్" అవుతుంది, ప్రతివాది రాకపోతే ఎక్స్‌పార్టే. టీ తాగడానికి బయటికి వెళ్లేముందు వకీలు గుమస్తాకు చెప్పి వెళ్లండి.

ఇష్యూలు అంటే కోర్టు తేల్చాల్సిన ప్రశ్నల జాబితా. తర్వాత సాక్ష్యం. పీడబ్ల్యూ1 అంటే వాది వైపు మొదటి సాక్షి, క్రిమినల్ కేసులో ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి. డీడబ్ల్యూ1 ప్రతివాది వైపు లేదా ముద్దాయి వైపు సాక్షి. సివిల్ కేసులో వాది పత్రాలు ఎగ్జిబిట్ ఏ1, ఏ2 అని, ప్రతివాదివి బి1, బి2 అని వరుస. క్రిమినల్ కేసులో మాత్రం ఏ1 అంటే మొదటి ముద్దాయి. అక్షరం ఒకటే, అర్థం వేరు.

సాక్షి మొదట చెప్పేది చీఫ్. సివిల్ కేసుల్లో దీన్ని అఫిడవిట్‌గా రాసి ఇస్తారు. అందులో ఏముందో చదివించుకోకుండా సంతకం పెట్టకండి, ఎందుకంటే అవతలి వకీలు అడిగే ప్రశ్నలన్నీ దాని మీదే. ఆ ప్రశ్నల పేరు క్రాస్. చివర్లో ఆయన "మీరు చెప్పేది అబద్ధమని సూచిస్తున్నాను" అన్నట్టు వరసగా అడుగుతారు. పెదనాయనకు కోపం ఆగలేదు. "నేను అబద్ధమాడతానా సార్?" అని జడ్జిగారి వైపు తిరిగాడు. రాసుకున్నది మాత్రం ఒక్క వాక్యం: "నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు." ఆ ప్రశ్నలు తిట్లు కావు. అవతలి పక్షం తన వాదనను సాక్షి ముందు పెట్టాలి కాబట్టి అడుగుతారు. "నిజం కాదు" అంటే సరిపోతుంది. గుర్తులేనిది గుర్తులేదనండి.

తీర్పు తర్వాత

"దావా డిక్రీ అయింది" అంటే వాది గెలిచాడు, "దావా కొట్టేశారు" అంటే ఓడాడు. జడ్జిమెంటులో కారణాలుంటాయి, డిక్రీలో చివరికి ఎవరు ఏం చేయాలన్నది ఉంటుంది. రెండింటికీ సర్టిఫైడ్ కాపీ కోసం వెంటనే కాపీ అప్లికేషన్ వేయించండి. అప్పీలు గడువు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. కాపీ తయారు కావడానికి పట్టిన రోజులు గడువులోంచి మినహాయిస్తారు. డిక్రీ డబ్బు కోసమైనా స్వాధీనం కోసమైనా దాన్ని అమలు చేయించుకోవడానికి 12 ఏళ్ల గడువుంది.

క్రిమినల్ కాగితాలు

2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. హత్యకు 302 పోయి 103, మోసానికి 420 పోయి 318. అంతకుముందు జరిగిన నేరాలకు పాత సెక్షన్లే.

ఎఫ్‌ఐఆర్ ఫిర్యాదు నమోదు మాత్రమే, నేరం రుజువైనట్టు కాదు. ఫిర్యాది దాని నకలు ఉచితంగా పొందొచ్చు. ఊళ్లో "41ఏ నోటీసు" అంటున్నది ఇప్పుడు కొత్త చట్టంలో 35(3) నోటీసు. అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడు విచారణకు రమ్మని పిలవడం. వెళ్లి సహకరిస్తే మామూలుగా అరెస్టు చేయరు, వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అక్కడినుంచి జైలుకు పంపడమే రిమాండ్. అది శిక్ష కాదు.

నాన్ బెయిలబుల్ అంటే బెయిలు రాదని కాదు, స్టేషన్‌లో హక్కుగా దొరకదు, కోర్టును అడగాలి. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. అరెస్టుకు ముందే అడిగేది ముందస్తు బెయిలు. మీరు ఎవరికైనా జామీను ఉంటే, ఆ మనిషి వాయిదాకు రాకపోతే ఆ డబ్బు మీ నుంచి వసూలు చేయొచ్చు. మొహమాటానికి జామీను సంతకం పెట్టకండి. ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్ బెయిలబుల్ వారంటు, ఎక్కువగా వాయిదా తప్పినందుకే వస్తుంది. దాక్కోకుండా వకీలుతో వెళ్లి, వారంటు వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేయండి. డిశ్చార్జి అంటే విచారణ మొదలుకాకముందే వదిలేయడం, అక్విటల్ అంటే విచారణ జరిగి నిర్దోషిగా తేలడం, క్వాష్ అంటే హైకోర్టు కేసునే కొట్టేయడం.

నోట్లు, చెక్కులు

రొయ్యల గుంటలకు మేత అప్పులు, పొగాకు పెట్టుబడులు ఉన్న చోట ఈ కేసులు ఎక్కువ. ప్రామిసరీ నోటు మీద దావాకు గడువు 3 ఏళ్లు. ఈలోపు కొంత డబ్బు కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు. చెక్కు బౌన్స్ అయితే బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది ముట్టిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో కేసు వేయాలి.

కేసు ఎక్కడుందో చూసుకోవడం, రాజీ

ప్రతి కేసుకు 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. దాన్ని వకీలును అడిగి తీసుకుని ఫోన్లో ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా, కేసు ఏ దశలో ఉంది, ఇచ్చిన ఆర్డర్లు కనిపిస్తాయి. అక్కడి మాటలు ఇప్పుడు మీకు తెలుసు. వకీలుకు ఇచ్చుకునే స్థోమత లేనివారికి ఉచిత న్యాయసహాయం ఉంది. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా దొరుకుతుంది. నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టుల్లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు.

లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీని అవార్డు అంటారు. అది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. అప్పీలు లేదు కాబట్టే సంతకానికి ముందు అక్షరం అక్షరం చదివించుకోవాలి. మా కేసు అక్కడే ముగిసింది. నాలుగు సెంట్లలో రెండు వాళ్లకు, రెండు మాకు, మధ్యలో కొత్త గట్టు. సంతకాల దగ్గర పెదనాయన కళ్లజోడు తీసి నాకిచ్చి "చదవరా అబ్బయా, హద్దులు గట్టిగా చదువు" అన్నాడు. రెండో పేజీలో తూర్పు అని ఉండాల్సిన చోట పడమర అని పడింది. అక్కడే దిద్దించి, దిద్దిన చోట ఇరుపక్షాలవాళ్లూ సంతకం పెట్టాక, ఆయన తన సంతకం పెట్టాడు.